ఎన్నింటికి తీసుకెళ్లారు? విశాఖలో ఒక పౌర కమిటీ అనుభవం

ముందుగా ఒక మాట. ఇందులో స్టేషన్ల పేర్లు, అధికారుల పేర్లు, మా సభ్యుల పేర్లు రాయడం లేదు. కొన్ని కేసులు ఇంకా కోర్టులో ఉన్నాయి. పైగా మా వాళ్లంతా రేపు కూడా ఆ వీధుల్లోనే తిరగాలి.

నేను విశాఖ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే లాయర్ని. పోలీస్ స్టేషన్ల తీరు గమనించే మా కమిటీ ఆలోచన పుట్టింది ఒక స్టేషన్ ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర. చేపలమ్ముకునే ఒకామె రాత్రంతా ఆ బల్ల మీదే కూర్చుని ఉంది. కొడుకు ఆటో తోలతాడు. ముందురోజు మఫ్టీలో ఎవరో వచ్చి తీసుకెళ్లారు. "మా గుంటణ్ణి అట్టుకెల్లిపోనారమ్మా. లోపలున్నాడో నేడో సెప్పట్నేదు" అంది. ఎన్నింటికి తీసుకెళ్లారని అడిగాను. "దీపాలెట్టిన ఏలకి" అంది.

అది సోమవారం సాయంత్రం. మంగళవారం పొద్దున్న నేను లోపలికెళ్లి అడిగితే అలాంటి వాడెవడూ ఇక్కడ లేడన్నారు. బుధవారం పొద్దున్న కుర్రాణ్ణి మెజిస్ట్రేట్ ముందు పెట్టారు. అరెస్ట్ మెమోలో, అంటే అరెస్టు వివరాలు పోలీసులు రాసే కాగితంలో, మంగళవారం మధ్యాహ్నం 2 గంటలని ఉంది. లెక్క ప్రకారం 24 గంటలు దాటలేదు. రెండు రాత్రులు లోపలున్నాడని నేను చెప్పాను. ఎన్నింటికి తీసుకెళ్లారు, ఎవరు చూశారు అని కోర్టు అడిగింది. దీపాలు పెట్టిన వేళ ఆ తల్లికి స్పష్టమే కానీ, కోర్టు కాగితం మీదికి ఎక్కదు. మంగళవారం నేను అడిగినట్టు నా దగ్గర కూడా ఒక్క కాగితం లేదు. అన్నేళ్ల ప్రాక్టీసు ఉండి నేనే రాసి పెట్టుకోలేదు!

రాజ్యాంగం 22వ అధికరణం, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 58వ సెక్షన్ అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలంటాయి. ఆ 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో రాసేది మాత్రం పట్టుకెళ్లినవాళ్లే. చిక్కంతా ఇక్కడుంది. ఇది అర్థమవడానికి మాకు ఇంకో ఆరు నెలలు పట్టింది. ఈలోగా మేం చాలా పెద్ద పెద్ద ఆలోచనలు చేశాం.

చికాగో నుంచి అల్లిపురం దాకా

మొదటి మీటింగ్ అల్లిపురంలో ఒక స్నేహితుడి మేడ మీద. నా జూనియర్ ఒక కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. చికాగోలో 2021లో నగర కౌన్సిల్ ఆర్డినెన్స్ చేసి పోలీసుల మీద పౌరుల కమిషన్ పెట్టింది. అక్కడి 22 పోలీసు డిస్ట్రిక్టుల్లో ఒక్కోదానికి ముగ్గురు చొప్పున ప్రతినిధుల్ని 2023 ఫిబ్రవరిలో జనమే ఓటేసి ఎన్నుకున్నారు. మనమూ అలాంటి బోర్డు పెట్టించాలి, జీవీఎంసీలో, అంటే మన నగరపాలక సంస్థలో, తీర్మానం చేయించాలి అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

వారం తర్వాత చల్లబడ్డాం. చికాగో పోలీసు ఆ నగరం ఉద్యోగి. జీతం, బడ్జెట్టు, పై అధికారి నియామకం అన్నీ నగరం చేతిలోనివే. మన దగ్గర పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రెండో జాబితాలో ఉంది, అంటే రాష్ట్రానిది. జీవీఎంసీకి 98 వార్డులు, చెత్త, నీళ్లు, వీధి దీపాలు ఉన్నాయి కానీ ఒక్క కానిస్టేబుల్ కూడా లేడు. కౌన్సిల్ ఎంత గట్టిగా తీర్మానం చేసినా అది స్టేషన్ గేటు దగ్గరుండే సెంట్రీ దాకా కూడా రాదు.

అయితే చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. అందులో ఒకటి పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ. డీఎస్పీ, ఆ కింది ర్యాంకుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకొకటి, రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన. ఎస్పీ, ఆ పైవాళ్ల కోసం రాష్ట్రానికొకటి, రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి అధ్యక్షతన. మన రాష్ట్రంలో 2021లో రాష్ట్ర అథారిటీకి చైర్మన్‌ని నియమిస్తే ఆ నియామకమే హైకోర్టుకెక్కింది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆఫీసు అదే ఏడాది కర్నూలుకి వెళ్లింది. చేపల బుట్ట పక్కన పెట్టి ఆ తల్లి కర్నూలు దాకా ఎప్పుడు వెళ్తుంది, ఎప్పుడు వస్తుంది?

మాకు నిజంగా పనికొచ్చింది ఇంకో తీర్పు. పరంవీర్ సింగ్ సైనీ కేసు, 2020 డిసెంబర్ 2. ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండా, రిసెప్షన్, సీఐ గది, ఎస్సై గది, వెనకవైపు కూడా సీసీ కెమెరాలుండాలి. మాటలు కూడా రికార్డవాలి. రికార్డు పద్దెనిమిది నెలలు, పరికరం అంత మొయ్యలేకపోతే కనీసం ఏడాది ఉంచాలి. వాటిని చూసుకోవడానికి జిల్లాకొక పర్యవేక్షణ కమిటీ. అందులో కలెక్టరు, ఎస్పీతో పాటు మేయరుకీ కుర్చీ వేసింది సుప్రీంకోర్టు. రికార్డులు చూసి హక్కుల ఉల్లంఘన జరిగిందేమో గమనించడం ఆ కమిటీ బాధ్యతల్లో ఒకటి. నగరం నుంచి పోలీస్ స్టేషన్‌కి చట్టం వేసిన దారి, నాకు తెలిసి, ఇదొక్కటే. నాకు తెలిసిన ఒక కార్పొరేటర్‌కి ఈ సంగతి చెబితే ఆయన నమ్మలేదు. తీర్పు ప్రింటు తీసిచ్చాను.

కాబట్టి బోర్డు అనే మాట మానేశాం. మాకు అధికారం లేదు, నోటీసులిచ్చే హక్కు లేదు. చట్టం ఇప్పటికే గోడ మీద పెట్టమన్నది గోడ మీద ఉందా, రాయమన్నది రాశారా అని చూస్తాం. అంతే. పేరు కూడా పెట్టుకోలేదు. ఇప్పటికీ అందరూ 'కమిటీ' అనే అంటారు.

ఎవరు కూర్చోవాలి

అన్నిటికంటే ఎక్కువ గొడవ పడ్డది దీని మీదే. మొదట పదకొండు మందిమి. ఆ తల్లి, ఒక ఆటో స్టాండు పెద్ద, కేజీహెచ్‌లో నర్సుగా చేసి రిటైరైన ఒకామె, బ్యాంకులో పనిచేసి దిగిన ఒక పెద్దాయన, పారిశుద్ధ్య కార్మికుల కాలనీ కుర్రాడొకడు, గాజువాక నుంచి ఒక కాంట్రాక్టు కార్మికుడు, ఒక ట్రాన్స్ మహిళ. బీచ్ రోడ్డులో రాత్రి పది దాటాక ఎవరిని ఎలా పలకరిస్తారో ఆమెకి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు.

పేచీ వచ్చింది ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ దగ్గర. ఆయనే వచ్చి చేరతానన్నాడు. కాలనీ కుర్రాడు ససేమిరా అన్నాడు. "ఆయన ఉంటే నేను నోరు విప్పను మేడం" అని మొహం మీదే చెప్పాడు. రెండు మీటింగులు దీనికే పోయాయి. చివరికి ఆయన్ని సభ్యుడిగా కాకుండా పాఠం చెప్పే మనిషిగా పెట్టుకున్నాం. ఓటు లేదు, బాధితుల పేర్లు తెలియవు, నెలకొకసారి వచ్చి మాకు స్టేషన్ ఎలా నడుస్తుందో చెబుతాడు. ఆయన దీనికి నొచ్చుకోలేదు. "నా సర్వీసులో నేనూ అందర్నీ అనుమానించినాను కదమ్మా" అన్నాడు.

ఈ నిర్ణయం సగం సరైంది, సగం తప్పు అని ఇప్పుడనిపిస్తుంది. ఆయన చెప్పకపోతే మేం ఇంకా చికాగో గురించే మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం. మొదటి పాఠంలోనే అసలు సంగతి చెప్పాడు: "మీ లాయర్లు మెమోలో సంతకాలు చూస్తారు. ముందు టైము చూడండి. ఆ టైముకి జీడీలో పైనేముంది, కిందేముందో అడగండి. జీడీ వరసలో నడిచే పుస్తకం. మధ్యలో ఏదైనా దూర్చితే అతుకు కనబడిపోద్ది."

జీడీ అంటే స్టేషన్ జనరల్ డైరీ. ఎవరు ఎన్నింటికి డ్యూటీకెక్కారు, జీపు ఎన్నింటికి బయల్దేరింది, ఏ ఫోన్ వచ్చింది అన్నీ అందులో ఎక్కాలి. అందులో సందు దొరకాలంటే బయట మన దగ్గర ఇంకో టైము ఉండాలి. ఆ బయటి టైము మాకెవరికీ లేదు.

సగం కాగితం

అలా తయారైంది మా 'టైము కాగితం'. తెల్ల కాగితంలో సగం. ఐదు సంగతులు: ఎన్నింటికి, ఎక్కణ్ణుంచి, వచ్చినవాళ్లు యూనిఫాంలోనా మఫ్టీలోనా, బండి నంబరు, చూసినవాళ్లు ఇద్దరు. డి.కె. బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు అరెస్టు చేసేవాళ్లు పేరు, హోదా కనిపించే ట్యాగు పెట్టుకోవాలంది. మెమో మీద ఇంటివాళ్లో, ఆ వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలంది. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 36వ సెక్షన్. ఆటో స్టాండుల్లో, చేపల రేవులో, కాలనీల్లో ఈ కాగితాలు పంచాం. చదువు రానివాళ్లకి ఒకటే చెప్పాం: మనిషిని తీసుకెళ్లగానే ఫోన్ తీసి వాట్సాప్‌లో మాటతో మెసేజ్ పెట్టండి. "ఇప్పుడే తీసుకెళ్లారు" అంటే చాలు, టైము ఫోనే వేసుకుంటుంది. తర్వాత 112కి ఫోన్ చేసి ఫలానా మనిషిని ఏ స్టేషన్‌కి తీసుకెళ్లారో చెప్పమని అడగండి. అక్కడా ఒక టైము పుడుతుంది.

ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. మా సీనియర్ల కాలంలో ఎవరినైనా పట్టుకెళ్లారంటే ఇంటివాళ్ల చేత వెంటనే పోలీసు పెద్దలకి, మెజిస్ట్రేట్‌కి టెలిగ్రాం కొట్టించేవారు. జవాబు కోసం కాదు, దాని మీద పడే టైము కోసం. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ పని చేసే ఇంకో వస్తువును మేమెవరం వెతుక్కోలేదు, చేతిలో ఫోన్లు పెట్టుకుని కూడా.

కోర్టులో ఆ మెసేజ్ నిలబడాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. అందుకని ఫోన్లో మెసేజ్ చెరపొద్దని, ఫోన్ మార్చినా పాతది దాచుకోమని పదేపదే చెబుతాం. సగం మంది వినరు.

రిసెప్షన్ దాటని సందర్శన

కాగితంతో పాటు స్టేషన్లకి వెళ్లి చూడ్డం మొదలుపెట్టాం. 1981లో లండన్ బ్రిక్స్‌టన్‌లో అల్లర్లయ్యాక లార్డ్ స్కార్మన్ ఇచ్చిన నివేదిక నుంచి ఇంగ్లండులో ఒక పద్ధతి వచ్చింది. మామూలు పౌరులు ఇద్దరిద్దరుగా, ముందు చెప్పకుండా స్టేషన్‌కి వెళ్లి లాకప్‌లో ఉన్నవాళ్లని చూసొస్తారు. 2002లో అక్కడ దానికి చట్టం అండ కూడా వచ్చింది. మాకు లాకప్ దాకా వెళ్లే హక్కు లేదు. కానీ రిసెప్షన్ దాకా ఎవరైనా వెళ్లొచ్చు కదా. అక్కణ్ణుంచి కనిపించేవే చూస్తాం. కెమెరాలున్నాయన్న పోస్టరు తెలుగులో ఉందా, హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చన్న మాట అందులో ఉందా. బీఎన్‌ఎస్‌ఎస్ 37 ప్రకారం అరెస్టయినవాళ్ల పేర్లు, నేరం వివరాలు బోర్డు మీద ఉన్నాయా. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100 కనిపిస్తోందా. అరవై దాటిన ముసలాయన్నో, ఆడవాళ్లనో సాక్ష్యం పేరుతో రప్పించి కూర్చోబెట్టారా. అలాంటివాళ్లని ఇంటి దగ్గరే అడగాలని 179వ సెక్షన్ ఉంది.

మొదటిసారి వెళ్లింది బ్యాంకు పెద్దాయన, చేపలమ్మే ఆమె. సెంట్రీ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ పార్టీ?" రెండోది: "ఏ ఛానల్?" రెండూ కాదంటే ఏం చెయ్యాలో ఆ కుర్రాడికి తోచలేదు, కూర్చోమన్నాడు. లోపల్నుంచి టీ వచ్చింది. స్టేషన్లో టీ తాగకూడదని మేం నియమం పెట్టుకున్నాం. పెద్దాయన వద్దన్నాడు. ఆమె తాగేసింది. "ఎండన పడొచ్చినాం, ఇచ్చింది తాగితే ఏటవుద్దమ్మా?" అని మీటింగులో నన్నే నిలదీసింది. ఆ నియమం అక్కడితో పోయింది.

ఒక స్టేషన్లో రాతకోతలు చూసే రైటర్ మా జాబితా చూసి, "ఈ 37వ సెక్షన్ బోర్డు సంగతి మాకెవరూ చెప్పలేదు మేడం" అన్నాడు. అబద్ధమనిపించలేదు. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాక సెక్షన్ నంబర్లు కంఠతా పట్టడంలోనే అందరం అలసిపోయాం. మళ్లీ వెళ్లేసరికి చేత్తో రాసిన అట్ట ఒకటి కట్టి ఉంది. ఇంకోచోట వెనక కెమెరా పనిచెయ్యట్లేదంటే, సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పు పట్టిపోతాయని ఎస్సై చెప్పాడు. అది నిజమే, మా ఇంట్లో గేటు బందులే ఏడాదికోసారి మార్చాలి. అయినా తుప్పు ఎప్పుడూ లాకప్ వైపు కెమెరాకే పడితే ఎలా అని నర్సుగారు మెల్లగా అన్నారు. ఎస్సై నవ్వాడు. ఆ కెమెరా సంగతి మాత్రం రాసిచ్చాం.

చూసింది ఒక పేజీ లేఖగా ముందు ఆ స్టేషన్‌కే ఇస్తాం. పదిహేను రోజులు ఆగి పై అధికారికి. పేపర్లకి ఇవ్వం. దీని మీద కాలనీ కుర్రాడికి ఇప్పటికీ కోపమే. 2020 మేలో అక్కయ్యపాలెం దగ్గర ఒక ప్రభుత్వ డాక్టరుని చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన వీడియో బయటికి రాకపోతే హైకోర్టు సీబీఐ విచారణ వేసేదా అంటాడు. నా దగ్గర దీనికి మంచి జవాబు లేదు.

మేం చేసిన తప్పులు

ఐడీ కార్డులు. స్టేషన్లో గౌరవం ఉంటుందని ఫొటోలతో వేయించాం. నెల తిరక్కుండా ఒక సభ్యుడు ఆ కార్డు జేబులో పెట్టుకుని స్టేషన్ దగ్గర సెటిల్‌మెంట్లు మొదలెట్టాడు. బండి విడిపించడానికి ఇంత, స్టేషన్ బెయిలుకి ఇంత. మాకు తెలిసింది కూడా ఒక సీఐ గారి నోటి నుంచే: "మీ కమిటీ రేటు పెరిగిందటగా?" సిగ్గుతో చచ్చిపోయాను. అతన్ని తీసేశాం, కార్డులన్నీ చింపేశాం. మన ఊళ్లలో స్టేషన్‌కీ జనానికీ మధ్య ఎప్పుడూ ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆ ఖాళీలోకి మేం తెలియకుండానే వెళ్లి నిలబడ్డాం. రిసెప్షన్ దాటకూడదన్న నియమం గట్టిపడింది ఆ తర్వాతే. మేం ఎవరి తరఫునా మాట్లాడం. లాయరు కావాలంటే న్యాయ సేవాధికార సంస్థకి పంపుతాం.

రెండోది ఇంకా నొప్పి కలిగించేది. మొగుడు కొడుతున్నాడని ఒకామె స్టేషన్‌కెళితే కేసు కట్టకుండా కౌన్సెలింగ్ అని మూడుసార్లు తిప్పారు. నేరం జరిగిందని తెలిసే ఫిర్యాదు వస్తే కేసు కట్టాల్సిందేనన్న 2013 నాటి లలితా కుమారి తీర్పు చేతిలో పట్టుకుని గట్టిగా రాయాల్సిన సందర్భం. తీరా మా మీటింగులో, "పిల్లలున్నారు కదా, సర్దుకుపోతే పోయేదానికి" అన్నది మా సభ్యులే, అందులో ఇద్దరు ఆడవాళ్లు. స్టేషన్లో విన్న మాటే ఆమె మా దగ్గరా వింది. మళ్లీ రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను, తలుపు తియ్యలేదు.

మూడోది మా కాగితం మీద మాకున్న నమ్మకాన్నే పోగొట్టబోయింది. ఒక కుటుంబం పొద్దున్న 9కి తీసుకెళ్లారని రాసిచ్చింది. మేం అలాగే లేఖ పెట్టాం. వాళ్లబ్బాయి 11కి ఒక పాన్ షాపు కెమెరాలో నవ్వుతూ కనిపించాడు. పోలీసులు ఆ ఫుటేజీ తెచ్చి మా ముందు పెట్టారు. కొడుకు మీద ప్రేమతో ఆ తల్లిదండ్రులు రెండు గంటలు ముందుకి జరిపారు. మూడు నెలలు ఏ లేఖ ఇచ్చినా "ఇదీ పాన్ షాపేనా?" అన్నారు. అప్పట్నుంచి తర్వాత గుర్తుచేసుకుని రాసిన టైముని టైముగా తీసుకోం. అప్పటికప్పుడు పెట్టిన మెసేజ్ ఉంటేనే, లేదా బయటి మనిషి చూసి ఉంటేనే.

ఇప్పుడెక్కడున్నాం

ఫలితాలు అడుగుతారు. లెక్కలు చెప్పేంత పెద్ద పని కాదు మాది, తొమ్మిది మందిమి, కొన్ని స్టేషన్లు. కొన్ని బోర్డులు వచ్చాయి. రెండు కేసుల్లో మెమో టైముకీ మెసేజ్ టైముకీ తేడా కోర్టు రికార్డులోకి ఎక్కింది. అందులో ఒకదానిలో మెజిస్ట్రేట్ జీడీ తెప్పించి చూశారు. మా హెడ్ కానిస్టేబుల్ గారికి ఈ కబురు చెబితే, అతుకు కనబడిందా అని మాత్రం అడిగాడు. కనబడిందన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఆటో కుర్రాడి కేసు ఇంకా నడుస్తోంది. ఆ రెండు రాత్రుల లాకప్ వరండా రికార్డు కోసం ఆర్టీఐ పెట్టాం. ముప్పై రోజులకి ఇవ్వబోమని జవాబొచ్చింది. మొదటి అప్పీలూ అలాగే పోయింది. రెండో అప్పీలు వేశాం. ఫుటేజీ చెరిపెయ్యకుండా భద్రపరచమని కోర్టులో పిటిషను కూడా వేశాం, దాని మీద వాదనలు ఇంకా కాలేదు. సైనీ తీర్పు ప్రకారం రికార్డు కనీసం ఏడాది ఉండాలి. ఆ ఏడాది నిండడానికి ఇంకా ఏడు వారాలుంది. వాయిదా ఐదో వారంలో పడింది.